రాగి ధర మండుతున్న రోజుల్లో వైరింగ్, వైండింగ్ పనులు నష్టపోకుండా ఎలా చేయాలి, ఎలా చేయించుకోవాలి

నాట్లు పడే రోజుల్లో ఒక పెద్దాయన కాలిపోయిన బోరు మోటారును ఆటోలో తెచ్చి మా షాపు ముందు దించాడు. వైండింగ్‌కు, అంటే లోపలి రాగి తీగ మళ్లీ చుట్టడానికి, ఎంతవుతుందో చెప్పగానే ముఖం మాడ్చుకున్నాడు. "ఏంది బిడ్డా, రెండేండ్ల కింద నీ దగ్గరనే గదా చేయించిన. గింత తేడానా?" అన్నాడు. "నా కూలి పెంచలేదు కాకా, రాగి పెరిగింది" అన్నాను. నమ్మలేదు. అప్పుడు పాత బిల్లు బుక్కు తీశాను. ఆ రోజు ఎన్ని కిలోల తీగ పట్టింది, కిలో ఎంతకు తెచ్చాను, కూలి ఎంత అన్నవి మూడు వరుసల్లో రాసి ఉన్నాయి. వాటి పక్కనే ఈనాటి రేటు రాసి చూపించాను. కూలి వరుసలో అంకె మారలేదు. పెద్దాయన కాసేపు చూసి, "సరే, కానియ్" అన్నాడు.

ఆ మూడు వరుసలు రాయడం నేను నష్టపోయాకే నేర్చుకున్నాను. వైర్‌మ్యాన్, వైండింగ్ షాపు, ప్యానెల్ బోర్డులు చేసేవాళ్లు, ఇత్తడి సామాన్ల పనివాళ్లు, ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, మోటారు కాలిన రైతు, వీళ్లందరినీ దృష్టిలో పెట్టుకుని నాకు తెలిసింది వరసగా రాస్తున్నాను. రాగి రేటును మనం ఆపలేం. అయితే మన పనిలో ఎన్ని కిలోల రాగి ఉందో తెలుసుకోవడం మన చేతుల్లోనే ఉంది. ఆ ఒక్క అంకె తెలిస్తే మిగతా లెక్కలన్నీ దాని వెంటే వస్తాయి.

ముందుగా, ఇది ఎందుకు పెరుగుతోందో

ప్రపంచంలో రాగి ధరకు దిక్సూచి లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్. అక్కడ టన్ను ఇన్ని డాలర్లు అని పలుకుతుంది. 2020 మార్చిలో, కరోనా మొదలైన రోజుల్లో, టన్ను 5,000 డాలర్ల కిందికి పడింది. ఏడాది తిరిగి 2021 మే వచ్చేసరికి 10,000 దాటింది. 2024 మేలో 11,000, 2025 డిసెంబర్‌లో 12,000 దాటింది. మధ్యలో తగ్గిన నెలలూ ఉన్నాయి, తిన్నగా పైకే పోలేదు. ఆ ఎగుడుదిగుళ్లే చిన్న వ్యాపారిని ముంచుతాయి.

వాడకం పెరగడం అందరికీ కనిపిస్తున్నదే. ఎలక్ట్రిక్ కారులో పెట్రోల్ కారుకన్నా మూడు రెట్లకు పైగా రాగి ఉంటుంది. సోలార్ ప్యానెళ్లు, డేటా సెంటర్లు, కొత్త కరెంటు లైన్లు అన్నింటికీ రాగి కావాల్సిందే. గనులు మాత్రం అంత వేగంగా రావు. ఖనిజం దొరికిన దగ్గర్నుంచి తవ్వకం మొదలయ్యేదాకా పది పదిహేనేళ్లు పట్టడం మామూలే. ఉన్న గనులకూ ఇబ్బందులు వస్తుంటాయి. 2023 నవంబర్‌లో పనామాలో కోబ్రే పనామా అనే పెద్ద గని కోర్టు తీర్పుతో మూతపడింది. 2025 సెప్టెంబర్‌లో ఇండోనేషియాలోని గ్రాస్‌బెర్గ్ గనిలోకి బురద ముంచుకొచ్చి పని ఆగిపోయింది. అంత దూరంలో బురద కదిలితే మన ఊళ్లో వైరు కాయిల్ రేటు కదులుతుంది.

మన దేశంలో రాగి ఖనిజం తక్కువ. తవ్వేది ప్రధానంగా హిందుస్థాన్ కాపర్ సంస్థ. మధ్యప్రదేశ్‌లోని మలాజ్‌ఖండ్, రాజస్థాన్‌లోని ఖేత్రి దాని పెద్ద గనులు. బయటి నుంచి ఖనిజం తెచ్చి ఇక్కడ కరిగించే ఫ్యాక్టరీల్లో ఒకటైన తూత్తుకుడి స్టెరిలైట్ ప్లాంటు 2018 మేలో మూతపడింది. ఏడాదికి 4 లక్షల టన్నుల సామర్థ్యం దానిది. అప్పటిదాకా శుద్ధి చేసిన రాగిని ఎగుమతి చేసిన దేశం, ఆ తర్వాత బయటి నుంచి కొనే స్థితికి వచ్చింది. అందుకే లండన్ రేటుతో పాటు డాలర్ రేటు కూడా మన జేబును తాకుతుంది. లండన్‌లో ధర కదలకపోయినా, డాలర్ 85 రూపాయల నుంచి 90కి పోతే మనకు రాగి దాదాపు ఆరు శాతం పెరిగినట్టే.

మొదటి పని: తూకం లెక్క తేల్చుకోండి

వైరు మీద 1.5 ఎస్‌క్యూ ఎంఎం, 2.5 ఎస్‌క్యూ ఎంఎం అని రాసి ఉంటుంది. ఎస్‌క్యూ ఎంఎం అంటే చదరపు మిల్లీమీటరు, అది లోపలి రాగిని అడ్డంగా కోస్తే వచ్చే వైశాల్యం. దాన్ని పొడవుతో, రాగి సాంద్రతతో హెచ్చవేస్తే బరువు వస్తుంది. 90 మీటర్ల కాయిల్‌కు లెక్క కట్టి పెట్టాను, గోడ మీద రాసుకోండి: 1 ఎస్‌క్యూ ఎంఎం కాయిల్‌లో సుమారు 0.8 కిలో, 1.5లో 1.2 కిలోలు, 2.5లో 2 కిలోలు, 4లో 3.2 కిలోల రాగి ఉంటుంది. ఇవి లెక్క ప్రకారం వచ్చే బరువులు. నాణ్యత ప్రమాణం వైరును దాని నిరోధకతతో, అంటే కరెంటును ఎంత అడ్డుకుంటుందన్న దానితో, కొలుస్తుంది కాబట్టి మంచి కంపెనీ వైరులోనూ పది, పదమూడు శాతం దాకా తక్కువ ఉండొచ్చు. అంతమాత్రాన మోసం అనుకోవద్దు.

ఇప్పుడు ఒక మామూలు రెండు బెడ్‌రూముల ఇల్లు తీసుకుందాం. 1 ఎస్‌క్యూ ఎంఎంవి ఐదు కాయిల్స్, 1.5వి ఐదు, 2.5వి నాలుగు, 4ది ఒకటి పట్టిందనుకుందాం. మీ ఇంటికి ఇంకో రెండు మూడు ఎక్కువో తక్కువో కావచ్చు. మొత్తం రాగి 21 కిలోల చిల్లర. కిలోకు 200 రూపాయలు పెరిగితే ఇంటి మీద పడే భారం నాలుగు వేల రెండు వందల చిల్లర, 18 శాతం జీఎస్టీ కలిపితే ఐదు వేలు.

లక్షలు పోసి ఇల్లు కట్టుకునేవారికి ఐదు వేలంటే చీమ కుట్టినంత. కానీ అలాంటి ఇళ్లు పది ఉన్న అపార్ట్‌మెంట్‌ను మెటీరియల్‌తో సహా ఒకే రేటుకు ఒప్పుకున్న వైర్‌మ్యాన్‌కు అది యాభై వేలు. అతనికి అది తేలు కుట్టినంత. ఆ తేలు నన్నే కుట్టింది. 2024 ఫిబ్రవరిలో అలాంటి పనికి కోటేషన్ ఇచ్చాను. అప్పుడు లండన్‌లో రాగి టన్ను 8,500 డాలర్ల చుట్టూ ఉంది. బిల్డర్ ప్లాస్టరింగ్ ఆలస్యం చేశాడు. నేను వైరు కొనే రోజుకు మే వచ్చింది, టన్ను 11,000 దగ్గరికి చేరింది. కాగితం మీద ఒకే రేటు రాసి సంతకం పెట్టినవాణ్ని, ఏమని అడుగుతాను? మూడు నెలలు ఇద్దరు కుర్రాళ్లతో చేసిన పనిలో నాకు మిగలాల్సిందంతా వైరులోకి పోయింది. కుర్రాళ్లకు కూలి చేతి నుంచి ఇచ్చాను. ఆ టెన్షన్‌లో నాకు నిద్ర పట్టేది కాదు.

అందుకే మీరు చేసే ప్రతి వస్తువుకూ కిలోల లెక్క రాసి పెట్టుకోండి. వైండింగ్ షాపులో ఇది ఇంకా తేలిక. కాలిన మోటారు నుంచి తీసిన పాత తీగను తూచండి, కొత్తగా చుట్టిన తీగను తూచండి, హెచ్‌పీ, మోటారు కంపెనీ రాసి బుక్కులో పెట్టండి. ఒక సీజన్ రాస్తే చాలు, ఏ మోటారుకు ఎంత తీగ పడుతుందో మీ దగ్గరే పట్టిక తయారవుతుంది. ఆ తర్వాత ఫోన్‌లోనే తడుముకోకుండా రేటు చెప్పగలరు.

రెండో పని: రోజూ రేటు చూడండి, రాయండి

ముంబయిలోని ఎంసీఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజ్‌లో రాగి ధర రూపాయల్లో, కిలో లెక్కన ఉంటుంది. ఫోన్‌లో ఎవరైనా చూడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. పొద్దున్నే షాపు తెరిచాక తేదీ, ఎంసీఎక్స్ రేటు, డీలర్ చెప్పిన రేటు అని మూడంకెలు రాయండి. డీలర్ రేటు ఎంసీఎక్స్ కన్నా ఎక్కువే ఉంటుంది. తీగ లాగడానికి, ఇన్సులేషన్‌కు, రవాణాకు, పన్నుకు ఖర్చుంది కదా. చూడాల్సింది ఆ తేడా ఎంత ఉంటోందో. ఎంసీఎక్స్ రేటు తగ్గిన రెండు వారాలకు కూడా డీలర్ రేటు తగ్గకపోతే ఆ బుక్కు తీసి మాట్లాడండి. పెరిగినప్పుడు సాయంత్రానికల్లా పెంచినవారు, తగ్గినప్పుడు "పాత స్టాకు" అంటారు. చేతిలో అంకె ఉన్నవాడితో బేరం వేరేగా సాగుతుంది.

వైరు కాయిల్స్ కొనేవారికి ఇంకో మాట. డబ్బా మీది ఎంఆర్‌పీ మీద షాపువాళ్లు డిస్కౌంట్ ఇస్తారు. రేటు పెరిగినప్పుడు కొందరు ఎంఆర్‌పీ గురించి మాట్లాడరు, డిస్కౌంట్ తగ్గిస్తారు. కాబట్టి "ఎంత డిస్కౌంట్" అని అడగకుండా "కాయిల్ జీఎస్టీతో కలిపి చేతికి ఎంత" అని అడగండి. హైదరాబాద్‌లో అయితే ట్రూప్ బజార్‌లో నాలుగు షాపులు తిరిగితే తేడా తెలిసిపోతుంది.

ఎంసీఎక్స్‌లో కాంట్రాక్టు కొని రేటు కట్టేసుకోవచ్చు కదా అని కొందరు కుర్రాళ్లు అడుగుతుంటారు. అక్కడ రాగి లాట్, అంటే ఒకసారికి కొనాల్సిన కనీస పరిమాణం, 2,500 కిలోలు. మనం ఏడాదంతా వాడేది అందులో సగం కూడా ఉండదు. మార్జిన్ డబ్బు కట్టి, రోజూ పెరిగే తరిగే లెక్క చూసుకుంటూ కూర్చుంటే అది వ్యాపారం కాదు, జూదం అవుతుంది. దయచేసి అటు పోకండి.

మూడో పని: కోటేషన్ రాసే తీరు మార్చండి

నా మటుకు దీనంత ముఖ్యమైన పని ఇంకొకటి లేదు. ఇదొక్కటి నాకు ముందే తెలిసుంటే ఆ యాభై వేలు పోయేవి కావు.

కోటేషన్‌లో కూలిని, మెటీరియల్‌ను విడగొట్టండి. కూలి రేటు ఒకటే ఉంటుంది, మెటీరియల్ రేటు మారుతుంది అని అక్కడే చెప్పినట్టవుతుంది. తర్వాత కింద ఈ మాటలు రాయండి, నేను ఇప్పటికీ ఇవే రాస్తున్నాను:

"ఈ ధర, రాగి కిలో రూ. ____ (తేదీ ____ నాటి ఎంసీఎక్స్ ధర) లెక్కన ఇచ్చాం. ఈ పనిలో సుమారు ____ కిలోల రాగి ఉంది. సామాను కొనే రోజుకు రాగి ధర 5 శాతం మించి పెరిగితే ఆ తేడా బిల్లులో కలుపుతాం. 5 శాతం మించి తగ్గితే ఆ తేడా బిల్లులో తగ్గిస్తాం. ఈ కోటేషన్ 7 రోజులు చెల్లుతుంది."

"తగ్గితే తగ్గిస్తాం" అన్న వాక్యాన్ని వదలకండి. అది లేకపోతే ఎదుటివారికి ఇది మోసంలా కనిపిస్తుంది. అది ఉంటే న్యాయంగా ఉందని ఒప్పుకుంటారు. ఒకసారి నిజంగానే రేటు తగ్గింది. పన్నెండు వందల రూపాయలు తగ్గించి బిల్లు ఇచ్చాను. ఆ ఇంటాయన తర్వాత తన తోడల్లుడి పని, ఆఫీసులో ఇంకొకరి పని నాకే ఇప్పించాడు.

తేడా కట్టే విధానం ఇది: కిలోలను కొత్త రేటుకూ పాత రేటుకూ ఉన్న తేడాతో హెచ్చవేసి, జీఎస్టీ కలపాలి. పైన చెప్పిన పది ఇళ్ల అపార్ట్‌మెంట్‌లా 212 కిలోల పని, కిలోకు 120 పెరిగిందనుకోండి. 25,440 అవుతుంది, జీఎస్టీతో సుమారు 30 వేలు. ఇందులో దాపరికం ఏమీ లేదు, కస్టమర్ ముందే ఫోన్ క్యాలిక్యులేటర్‌లో కొట్టి చూపించండి.

"మేం చిన్నవాళ్లం, ఇలాంటి షరతు పెడితే పని ఎవరిస్తారు" అని అనుకోవద్దు. పెద్ద పెద్ద కంపెనీలు చేసేదే ఇది. విద్యుత్ సంస్థలకు ట్రాన్స్‌ఫార్మర్లు, కేబుళ్లు అమ్మేవాళ్లు ఐఈఈఎంఏ అనే ఎలక్ట్రికల్ తయారీదారుల సంఘం నెలనెలా ఇచ్చే లోహాల ధరలను పట్టి బిల్లులు సవరించుకుంటారు. దాన్ని ప్రైస్ వేరియేషన్ అంటారు. కోట్ల కాంట్రాక్టులో ఉన్న రక్షణ రెండు లక్షల కాంట్రాక్టులో ఎందుకు ఉండకూడదు?

ఒప్పుకోనివారు ఉంటారు. "నాకు ఒకే రేటు కావాలి" అంటారు. అప్పుడు రెండో దారి: మెటీరియల్ మొత్తానికి అడ్వాన్స్ అడగండి. అడ్వాన్స్ వచ్చిన రోజే, వీలైతే ఆ గంటలోనే, వైరంతా కొని బిల్లు వాళ్లకు వాట్సాప్ చేయండి. రేటు అక్కడితో కట్టుబడిపోయింది. అడ్వాన్స్ డబ్బు ఇంకో పనికి వాడి, తర్వాత కొందాంలే అనుకుంటే మళ్లీ నా కథే. మూడో దారి ఇంకా సుఖం: వైరు వాళ్లనే కొనుక్కోమనండి, లిస్టు మీరు రాసివ్వండి, మీరు కూలి మాత్రం మాట్లాడుకోండి. లాభం కాస్త తగ్గుతుంది, కానీ రాత్రి నిద్ర పడుతుంది.

నాలుగో పని: స్టాకు, అప్పు

రేటు పెరుగుతుందని విని షాపు నిండా వైరు నింపేవారిని చూశాను. పెరిగితే బాగుంటుంది. తగ్గితే వడ్డీ ఒకవైపు, రేటు ఒకవైపు కోస్తాయి. నేను పాటించే పద్ధతి ఏమిటంటే, చేతిలో ఉన్న ఒప్పుకున్న పనులకు సరిపడా కొంటాను, దాని మీద రెండు వారాల చిల్లర అమ్మకానికి ఉంచుకుంటాను. అంతకు మించి వడ్డీకి తెచ్చి స్టాకు పెట్టను.

లోహం ధర పెరిగినప్పుడు చిన్న షాపును ముందుగా కుంగదీసేది లాభం తగ్గడం కాదు, చేతిలో డబ్బు ఆడకపోవడం. నిన్న లక్షకు వచ్చిన తీగకు ఇవాళ లక్షా పాతిక కావాలి, కస్టమర్ మాత్రం పాత అలవాటు ప్రకారం మూడు నెలలకు ఇస్తాడు. మీరు తయారీ లేదా సర్వీసు చేసేవాళ్లయితే చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి. ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బులు ఇవ్వొద్దు. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం ప్రకారం మీ దగ్గర సరుకు గానీ సర్వీసు గానీ తీసుకున్నవారు, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ కట్టాలి. దానికితోడు, గడువు దాటించిన బకాయిని డబ్బు చెల్లించేదాకా వాళ్లు ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోకుండా 2024 ఏప్రిల్ నుంచి నిబంధన వచ్చింది. పెద్ద కంపెనీ అకౌంటెంట్‌కు ఈ సంగతి బాగా తెలుసు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయండి చాలు, ఫోను మర్యాదగా వస్తుంది. అప్పటికీ ఇవ్వకపోతే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. కొని అమ్మే వ్యాపారులకు ఈ చెల్లింపు గడువు రక్షణ వర్తించదు, అది గుర్తుంచుకోండి.

ముడిసరుకు కొనడానికే సాయం చేసే పథకం ఒకటి కేంద్ర సంస్థ ఎన్ఎస్ఐసీ దగ్గర ఉంది. బ్యాంకు గ్యారంటీ మీద ముడిసరుకు కొనుగోలుకు 180 రోజుల దాకా అప్పు సౌకర్యం ఇస్తుంది. ప్యానెల్ బోర్డులు, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు చేసే యూనిట్లకు పనికొస్తుంది.

ఐదో పని: ఇల్లు కట్టుకునేవారు కల్తీ వైరును పట్టుకోవడం

రాగి పిరమైనప్పుడల్లా బజారులోకి అల్యూమినియం మీద పలచగా రాగి పూసిన వైరు వస్తుంది. పైకి అచ్చం రాగే. ఇంటి వైరింగ్‌కు అది పనికిరాదు. రాగి మోసే కరెంటు మోయలేదు, స్క్రూ దగ్గర వదులై వేడెక్కుతుంది, ఎప్పుడో ఒక వేసవి మధ్యాహ్నం ఏసీ పాయింట్ దగ్గర కాలిన వాసన వస్తుంది. ఐదు వేలు మిగులుతాయని దాన్ని గోడల్లో పెట్టి పూడ్చకండి.

పట్టుకోవడం కష్టం కాదు. వైరు చివర ఒక అంగుళం తొక్క తీయండి. ఒక పోగును విడదీసి గోటి మీద పెట్టుకుని, బ్లేడు అంచుతో మెల్లగా గీకండి. రాగి అయితే ఎంత గీకినా లోపల అదే ఎరుపు. పూత అయితే రెండు గీతల్లోనే తెల్లటి మెరుపు బయటపడుతుంది. వెలుతురులో పోగు కోసిన చివరను చూసినా నడుమ తెల్లగా కనిపిస్తుంది. అయస్కాంతం పెట్టి చూడమని కొందరు చెబుతారు. అది ఇనుప తీగను పట్టిస్తుంది గానీ అల్యూమినియాన్ని పట్టించదు.

ఇంకా గట్టి పరీక్ష కావాలంటే సరిగ్గా ఒక మీటరు 1.5 ఎస్‌క్యూ ఎంఎం వైరు కోసి, తొక్క మొత్తం ఒలిచి, తెలిసిన బంగారం షాపులో తూకం వేయించండి. మంచి వైరైతే 12, 13 గ్రాములు తూగుతుంది. 2.5 అయితే 19 నుంచి 22 గ్రాములు. 1.5 వైరు ఐదారు గ్రాములే వచ్చిందంటే అది రాగి కాదు. ఒక ఇంజనీర్ గారి ఇంట్లో ఇలాగే తూకం వేస్తే ఐదు గ్రాములు చూపించింది. అప్పటికే రెండు గదుల్లో వైరు లాగేశారు. మొత్తం పీకించి వేరేది వేయించాం. ఆ సాయంత్రం ఇంటావిడ నాకు చెప్పిన థాంక్స్ ఇప్పటికీ గుర్తుంది.

కాటా కూడా అక్కర్లేని పద్ధతి ఇంకొకటి ఉంది. ఆ రోజు ఎంసీఎక్స్ రేటును కాయిల్‌లో ఉన్న కిలోలతో హెచ్చవేయండి. రాగి కిలో వెయ్యి రూపాయలు ఉన్న రోజున 1.5 కాయిల్‌లో రాగి విలువే వెయ్యికీ పన్నెండు వందలకూ మధ్య. పైన పీవీసీ, ఫ్యాక్టరీ ఖర్చు, జీఎస్టీ ఉన్నాయి. అలాంటి కాయిల్‌ను ఎవరైనా ఎనిమిది వందలకు ఇస్తానంటే ఆయన నష్టానికి అమ్మడు కదా, అందులో రాగి లేదు. లేదా 90 మీటర్లు లేదు.

వైరు మీద ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉండాలి. ప్రభుత్వ నాణ్యత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో చూపిస్తుంది. కాయిల్ మీది పేరు, యాప్‌లో పేరు ఒకటి కావాలి. జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా తగ్గిస్తామనే చోట ఫిర్యాదు చేయడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

ఖర్చు తగ్గించాలంటే వైరు సైజు తగ్గించకండి. ఏసీ, గీజర్ లైనుకు 4 వేయాల్సిన చోట 2.5తో సరిపెట్టుకోవద్దు. దానికన్నా, పాయింట్లు తగ్గించండి. ప్రతి గదిలో ఎన్ని స్విచ్ బోర్డులు నిజంగా కావాలో ముందే కూర్చుని గీసుకుంటే రెండు మూడు కాయిల్స్ మిగులుతాయి. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు, అపార్ట్‌మెంట్ కింద భూమిలో వేసే పెద్ద కేబుల్ అల్యూమినియంవి పెట్టొచ్చు, తప్పు లేదు. అదే కరెంటు మోయాలంటే అల్యూమినియం సైజు రాగికన్నా ఒకటిన్నర రెట్లు మించి ఉండాలి. రాగితో కలిసే చోట బైమెటల్ లగ్గులు (ఒకవైపు రాగి, ఒకవైపు అల్యూమినియం ఉండే జోడింపు ముక్కలు) వేయించాలి. ఇంటి లోపలికి మాత్రం రాగే.

ఇంకో జాగ్రత్త: తలుపులు పెట్టకముందు వైరు లాగించవద్దు. కడుతున్న ఇళ్లలో పైపుల్లోంచి వైరు లాక్కుపోవడం రేటు పెరిగిన ప్రతిసారీ ఎక్కువవుతుంది. వైరు ముందే కొని రేటు కట్టేసుకున్నా సరే, కాయిల్స్ మీ ఇంట్లోనే తాళం వేసి ఉంచండి.

ఆరో పని: రైతులు, మోటార్లు

వైండింగ్‌కు ఇచ్చేటప్పుడు మూడు అడగండి. ఎన్ని కిలోల తీగ పడుతుంది? కిలో ఎంత? మోటారులోంచి తీసిన పాత రాగి బరువెంత, దానికి ఎంత తగ్గిస్తారు? చాలామంది ఈ మూడోది అడగరు. పాత తీగ షాపులోనే ఉండిపోతుంది. కాలిన రాగి కూడా రాగే, దానికి రేటుంది. షాపు నడిపేవాడిగా చెబుతున్నాను, పాత రాగి లెక్క బిల్లులో చూపించడం వల్ల నాకు గిరాకీ పెరిగింది గానీ తగ్గలేదు. రాగి తీగకు బదులు అల్యూమినియం తీగ చుట్టి తక్కువకు చేస్తామనేవారి దగ్గర మోటారు పెట్టకండి. పోగు గీకి చూసే పరీక్ష ఇక్కడా పనిచేస్తుంది.

పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి, నూనె పారబోసి, లోపలి రాగిని ఎత్తుకుపోయే దొంగతనాలు తెలియని రైతు లేడు. దొంగకు మిగిలేది నాలుగు రోజుల తిండి ఖర్చు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న అందరి మడులూ ఎండుతాయి. పొద్దున పొలం పోగానే చూస్తే ముందు ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు. ఫొటోలు తీసి, విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ కాగితాలు విద్యుత్ సంస్థ దగ్గర పని జరగడానికి ఉపయోగపడతాయి. బోరు నుంచి స్టార్టర్ దాకా పైన వేలాడే కేబుల్‌ను వీలైనంత మేర పైపులో వేసి భూమిలో పూడ్చండి.

షాపు ఉన్నవారికి ఒక మాట. ఎవరో సంచిలో తెచ్చి తక్కువకిస్తామన్న రాగి కొనకండి. దొంగసొత్తు కొన్న కేసు మీ మీదికి వస్తుంది. అదీగాక ఆ రాగి మన ఊరి రైతుదే అయ్యుంటుంది.

ఏడో పని: తుక్కును డబ్బుగా చూడండి

వైరింగ్ పనిలో మిగిలే ముక్కలు ఇదివరకు చెత్తలో పడేసేవాళ్లం. ఇప్పుడు నేను సైట్‌లో రెండు సంచులు పెడతాను, ఒకటి వైరు ముక్కలకు, ఒకటి మిగతా వాటికి. ఎక్కువ మంది చేసే తప్పు తొక్క పోవడానికి వైరును కాల్చడం. పీవీసీ కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు విషం. పైగా కాలిన రాగి నల్లబడి తక్కువ రేటుకు పోతుంది. బ్లేడుతో ఒలిచి, మెరిసే రాగిని వేరుగా కట్టండి, దానికి మంచి రేటు వస్తుంది. టంకం అంటుకున్న ముక్కలు, ఇత్తడి స్క్రూలు, అల్యూమినియం కలపకండి. కలిపిస్తే అన్నింటికీ తక్కువదాని రేటే కడతారు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు, లేనివారి దగ్గర లోహపు తుక్కు కొంటే 2024 అక్టోబర్ 10 నుంచి రివర్స్ ఛార్జ్ కింద పన్ను మీరే కట్టాలి. ఆడిటర్‌ను అడిగి బుక్కుల్లో సరిగా చూపించుకోండి, తర్వాత నోటీసు వస్తే తలనొప్పి.

ఇళ్లలో పాత ఇత్తడి బిందెలు, రాగి కాగులు అమ్మేవారికీ ఇదే వర్తిస్తుంది. ఇత్తడిలో ఎక్కువ భాగం రాగే, మిగతాది జింక్. రాగి పెరిగితే ఇత్తడీ పెరుగుతుంది. పెంబర్తిలో, అజ్జరంలో, బుడితిలో ఇత్తడి కొట్టేవారికి రేకు ధర ముందే గుండె గుభేల్మనిపిస్తుంది. వారి దగ్గర కొత్త సామాను కొనేటప్పుడు లోహం ధర పెరిగిందన్న సాకుతో వారి పనితనం కూలిని తగ్గించి బేరమాడకండి. రెండూ వేరు వేరుగా అడిగితే వాళ్లే చెబుతారు, ఇంత తూకానికి, ఇంత పనికి అని.

పాత బిందెను వీధిలో వచ్చే పాత సామాన్లవాళ్లకు ఇచ్చేముందు ఇంట్లోనే తూచి పెట్టుకోండి. కాటా లేకపోతే పక్క కిరాణా కొట్టులో అడగండి, కాదనరు. అడుగున మట్టి, చెవుల దగ్గర ఇనుప కడియం ఉంటే తీసేసి తూచండి, లేకపోతే వాటి పేరు చెప్పి కిలో తగ్గిస్తారు. ఇద్దరు ముగ్గురిని రేటు అడిగాకే ఇవ్వండి. మా అమ్మ అలా తూచి పెట్టిన బిందె నాలుగు కిలోల రెండు వందల గ్రాములు ఉంది. వీధిలో వచ్చినతను తన స్ప్రింగు కాటాతో మూడు కిలోలన్నాడు. ఆమె బిందెను మళ్లీ లోపలికి తెచ్చి, పొయ్యి పక్కన నీళ్లు పోసి పెట్టింది.